గడప మీద అర నూలు

"అల్లుడు పోయిండట" అని మొన్న చాయ్ హోటల్లో ఎవరో అన్నారు.

"ఏ అల్లుడు?" అని ఇంకొకరు అడిగారు.

వరంగల్ బజారులో అల్లుళ్ళకు కొదువ లేదు. కానీ మా వీధి పాతవాళ్ళకు అల్లుడంటే ఒక్కడే. మిర్చి షావుకారి ఇల్లరికపు అల్లుడు. అతనికి పేరు ఉండేది. పెళ్ళిపత్రిక మీద అచ్చు కూడా వేశారు. ఆ తర్వాత దాన్ని ఎవరైనా వాడినట్టు నాకు గుర్తు లేదు. ఇప్పుడు నేను వాడితే వేరే మనిషి గురించి రాస్తున్నట్టు ఉంటుంది. పోయినవాడు హైదరాబాదులో తన గ్యారేజీలోనే, కారు కింద పడుకుని ఉండగానే పోయాడట. అది విని నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆ మనిషి నిలబడి ఉండగా నేను చూసినదానికంటే పడుకుని ఉండగా చూసిందే ఎక్కువ.

షావుకారి ఇంటికి ఎదురుగా నాది లారీ కాంటా. ఇనుప పలక మీదికి లారీ ఎక్కితే, గదిలో దండె మీద గుండు జరిపి బరువు చెప్పడం నా పని. నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. లెక్క మాత్రం ఆగలేదు. కనబడ్డదల్లా కొలవడం, తూచడం, ఎందుకు తేడా వచ్చిందని తల పట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. అల్లుడికీ అలాంటిదే ఇంకొక రోగం ఉండడం వల్ల మా ఇద్దరికీ కుదిరింది.

మొదటిసారి కాంటా దగ్గరికి వచ్చినప్పుడు తెల్ల ధోవతి కట్టుకుని ఉన్నాడు. పలక మీద ఉన్న మిర్చి లారీ పక్కన ఆ ధోవతితోనే నేల మీద పడుకున్నాడు. ఇరుసుకూ నేలకూ మధ్య చెయ్యి పెట్టి వేళ్ళు లెక్కపెట్టాడు. డ్రైవరు భయపడి దిగివచ్చాడు.

"ఏందే, పానం మీదికి తెచ్చుకుంటవా?"

"ఏం గాదు. ఎంత దిగిందో చూస్తాన్న."

లేచి, దుమ్ము దులుపుకోకుండానే నా గదిలోకి వచ్చాడు. "అన్నా, నీకు బరువెంతో తెలుస్తది. నాకు ఎంత దిగిందో తెలుస్తది. రెండూ ఒక్కటే ముచ్చట" అన్నాడు.

నిజమే. కానీ అతను వేళ్ళతో కొలిచేవాడు, నేను అంగుళాలతో. దాని మీద ఎన్ని సాయంత్రాలు గొడవపడ్డామో. "వేలు మనిషికో తీరుగ ఉంటది" అని నేను, "నా కారుకు నా వేలే సాలు" అని అతను.

కారు సంగతి తర్వాత. ముందు అతను ఎలా కూర్చునేవాడో చెప్పాలి. ఎప్పుడూ అంచు మీదే. కుర్చీ గానీ బల్ల గానీ, వెనక్కి ఆనుకునేవాడు కాదు. ఎందుకని అడిగితే, "ఆనుకుంటే అలవాటైతదన్నా" అనేవాడు. పెరిగింది బొంబాయిలో. తండ్రి అక్కడ మగ్గాల మిల్లులో పనిచేసేవాడు. ఇతను ఒక గ్యారేజీలో చేరి, పందేల కార్లు సవరించడం నేర్చుకున్నాడు. సముద్రం దగ్గర పాత విమానాల మైదానంలో ఆ కార్లు పరుగెత్తేవట. "రోడ్డును నాకుతా పోవాలె. గంత కిందికుండాలె" అని అరచేతిని బల్ల మీద ఆనించి, మలుపు తిప్పి చూపేవాడు. ఆ చెయ్యి తిరిగేటప్పుడు అతని ఒళ్ళంతా ఒక పక్కకు వాలేది.

అలాంటివాణ్ణి తెచ్చి షావుకారి తన గద్దె పక్కన కూర్చోబెట్టాడు. పని ఏమీ లేదు. మిర్చి ఘాటుకు దగ్గుతూ కూర్చోవాలి. ఎవరైనా పలకరించినా జవాబు మామదే.

"అల్లుడు గారూ, బాగున్నరా?"

"మంచిగనే ఉన్నడు."

"చాయ్ తాగుతరా?"

"తాగడు."

అతను నవ్వేవాడు. ఆ తర్వాత కాంటా గదికి వచ్చి నాతో రెండు కప్పులు తాగేవాడు. షావుకారి చెడ్డవాడు కాడు. ఒక్కతే బిడ్డ. ఆ బిడ్డ కళ్ళ ముందే ఉండాలి, అంతే. అందుకు కావలసిన గోడ, తలుపు, మనుషులు అన్నీ సమకూర్చుకున్నాడు. అల్లుడు కూడా ఆ గోడలో ఒక రాయి.

ఆ ఇంటి దర్వాజ పెద్దది. మిర్చి బండ్లు లోపలికి పోవాలి గదా. దాని కింద అడ్డంగా నల్లరాతి గడప. నేను కొలిచాను. వాకిలి నేల నుంచి ఏడంగుళాలు. వీధి వైపు నుంచీ అంతే. ఎడ్లబండి చక్రం పెద్దది, ఇరుసు ఎత్తు మీద ఉంటుంది, కాబట్టి దానికి అడ్డం లేదు. ఆ గడపకు ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. దాన్ని తొక్కొద్దు, దాని మీద పలకలు పరచొద్దు, ఇనుము తాకనివ్వొద్దు. చక్రాల ఇనుపకట్టు తాకదా అని నేను ఒకసారి అడిగితే, "తిరిగేది తాకినట్టు కాదు, రాకేది తాకినట్టు" అన్నాడు షావుకారి. రాకడమంటే ఒరుసుకోవడం. ఆయన లెక్క ఆయనకు ఉంది.

ఇక కారు. పరకాల దిక్కు ఒక దొర గడిలో, గడ్డివాము పక్కన, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఒక రెండు సీట్ల విదేశీ కారు ఇతని కంట పడింది. మిర్చి చూసిరమ్మని మామ పంపితే, కారు చూసి వచ్చాడు. పైకప్పు లేదు, చక్రాలు లేవు. జాగా ఖాళీ అయితే చాలని వాళ్ళు తీసుకుపొమ్మన్నారు. ఎడ్లబండి మీద కట్టించి తెచ్చాడు. నా రోగం కొద్దీ దాన్ని కాంటా మీద తూచాను, తర్వాత దానికి వచ్చిన ప్రతి ముక్కనూ తూచాను. దర్వాజ దాటి వాకిట్లో దించుతుంటే మేమంతా చూశాం.

"బండెక్కి అచ్చింది. ఇగ దీనికి ఎల్లే తొవ్వ లేదు" అన్నాడు నాతో.

"మరెందుకు తెచ్చినవ్?"

"నేను గూడ గట్లనే అచ్చిన గదా. బారాతుల, గుర్రమెక్కి."

షావుకారి ఏమీ అనలేదు. అల్లుడికి ఒక ఆట దొరికింది, ఇల్లు కదలడు అనుకుని ఉంటాడు. డెబ్బైలంతా ఆ కారు వాకిట్లోనే బతికింది. ఇంజను నడిచింది, చక్రాలు వచ్చాయి, ఎర్ర రంగు వచ్చింది. సాయంత్రం బస్తాలు పక్కకు జరిపి దాన్ని నడిపేవాడు. బావి నుంచి ధాన్యం కొట్టు దాకా ముందుకు, కొట్టు నుంచి బావి దాకా వెనక్కి. అంతే జాగా. ఒకటో గేరు, వెనక గేరు. మళ్ళీ ఒకటో గేరు, వెనక గేరు. కాంటా గదిలో కూర్చుని ఆ చప్పుడు వింటుంటే నాకు ఊపిరాడేది కాదు.

"అన్నా, మూడో గేరు ఎట్లుంటదో మర్సిపోయిన" అన్నాడు ఒకనాడు. నవ్వుతూనే.

ఆ కారుకు అతను చేసిన గొప్ప పని ఎత్తు మార్చే ఏర్పాటు. లేత్ దుకాణంలో నాలుగు ఇనుప గొట్టాలకు మరలు తీయించి, ఒక్కో స్ప్రింగు కింద ఒక్కో పెద్ద నట్టు పెట్టాడు. నట్టు ఒక వైపు తిప్పితే కారు లేస్తుంది, ఇంకో వైపు తిప్పితే దిగుతుంది. అంత చేసి, చివరికి దాన్ని నాలుగు వేళ్ళ ఎత్తుకు దించిపెట్టాడు. చూడడానికి బాగుంది. వేటకు వంగిన పిల్లిలా ఉంది. కానీ నాలుగు వేళ్ళంటే మూడంగుళాలు. గడప ఏడు.

"గిట్లయితె బయటికెట్ల పోతది?" అన్నాను.

"పొయ్యేదెక్కడికి?" అన్నాడు.

లోపల మట్టి పోసి వాకిలి ఎత్తు చేద్దామని చూశాను. కుదరదు. ముందు చక్రాలు వీధిలోకి దిగగానే గడప రాయి సరిగ్గా కారు పొట్ట కిందికి వస్తుంది. తక్కెడ ముల్లు మీద దండెలా కారు దాని మీద ఆగిపోతుంది. వీధి వైపు ఎత్తు చేయడానికి పక్కనే మురుగు మోరీ. పొట్ట ఎత్తు పెంచడం ఒక్కటే దారి. నట్లు అతని చేతిలోనే ఉన్నాయి. అయినా ఆ కాలమంతా కారును నాలుగు వేళ్ళ మీదే ఉంచాడు. లేపితే బాతులా కనిపిస్తుందట. లేపకపోవడానికి అదొక్కటే కారణం కాదని నాకు తెలుసు. లేపితే, ఇంకా ఎందుకు పోలేదని తనను తానే అడుక్కోవలసి వస్తుంది.

మార్పు తెచ్చింది అతని భార్య. ఆమె గొంతు మేము పెద్దగా విన్నది లేదు. ఒకనాడు నేను వాకిట్లో ఉన్నాను. బరువుకు కారు ఎంత దిగుతుందో చూడాలని సీట్లలో మిర్చి బస్తాలు పెట్టి తీస్తున్నాం. అతను తుమ్ముతున్నాడు, నేనూ తుమ్ముతున్నాను. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"గా బస్తా తీసెయ్యిండ్రి. నేను కూసుంట" అంది.

కూర్చుంది. అతను కింద పడుకుని వేళ్ళు పెట్టి చూశాడు. ఆమె ముందున్న అద్దంలోంచి దర్వాజ వైపు చూస్తోంది. కొంతసేపటికి, "ఇది ఎప్పుడన్న పోతదా, గిట్లనే ఉంటదా?" అని అడిగింది. అతను కారు కింద మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టాడు.

ఆ వారంలోనే బొంబాయిలో అతనికి పని నేర్పిన ఉస్తాదు హైదరాబాదు వచ్చి గ్యారేజీ పెట్టాడని, చేతికింద మనిషి కావాలని కబురు వచ్చింది. ఉస్తాదే స్వయంగా మిర్చి దుకాణానికి వచ్చి అడిగాడు. షావుకారి మామూలుగానే జవాబు చెప్పాడు. "రాడు."

"అస్త" అన్నాడు అల్లుడు. గద్దె పక్కన కూర్చుని అతను ఒక మాట అనడం అదే మొదలు.

షావుకారి కేకలు వేయలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని నన్ను కూడా పిలిచాడు. "కాంటోడా, నువ్వు సాచ్చివి. పోతనంటే నేను ఆప. కని నా బిడ్డకు ఒడిబియ్యం పొయ్యనియ్య."

మా దిక్కు ఆడపిల్లను పంపేటప్పుడు తల్లి పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తుంది. ఆ బియ్యం పడకుండా పిల్ల కాలు ప్రయాణానికి గడప దాటదు. ఇల్లరికం గనుక ఈమెకు ఎన్నడూ పోయలేదు. అంటే అల్లుడు పోవచ్చు, బిడ్డ పోరాదు. షావుకారి చేసిన లెక్కలో ఒక్క బొట్టు కారదు.

తలుపు చాటు నుంచి ఆమె అంది. "నా కాలు దాటదు నాయినా. కారు దాటుతది. నేను అండ్ల కూసుంట."

ఆయన గడప రాయి వైపు చూశాడు. "సరే. కని కారు దాని చక్రాల మీదనే ఎల్లాలె, కడపకు ఇనుము రాకొద్దు. రాకిందా, ఈ దర్వాజ మీకు మల్ల తెరువ."

ఆమె బయటికి నడిచివచ్చి వీధిలో ఎక్కొచ్చు కదా అని నేను అతనికి రహస్యంగా చెప్పాను. "చెప్పిన. దిగనంటాంది" అన్నాడు. "నడిసి దాటితె తండ్రి మాట తీసినట్టట. ఆయినె మాట మీదనే ఎల్లుతదట."

ఇక మిగిలింది లెక్క. వడ్రంగులు అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి ఒక్కో భాగాన్ని నూలు అంటారు. మిర్చి బస్తాలతో తేల్చిందేమిటంటే, పన్నెండు కిలోలకు కారు ఒక నూలు దిగుతుంది. అతను అరవై కిలోలు, అయిదు నూళ్ళు. ఆమె నలభై ఎనిమిది, నాలుగు నూళ్ళు. నట్లు చివరి మర దాకా లేపితే, ఖాళీ కారు పొట్టకూ గడపకూ మధ్య ఏడు నూళ్ళ సందు. అతనొక్కడే అయితే రెండు నూళ్ళు మిగులుతుంది, హాయిగా పోతాడు. ఇద్దరైతే రెండు నూళ్ళు తగులుతుంది. ఆమెను కూర్చోబెట్టి తోద్దామంటే ఏడంగుళాల రాయి తోపుడుకు ఎక్కదు, ఇంజను నడిపే మనిషి ఉండాల్సిందే.

ఈ సంగతి చెప్పినప్పుడు అతను కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఒక్కనికైతె సందున్నది" అని రెండుసార్లు అన్నాడు. లెక్క చెప్పినవాడు అక్కడే ఆగాలి.

మర్నాడు కాంటాకు వచ్చాడు. నవ్వు లేదు. "అన్నా, ఇంక రెండున్నర నూళ్ళు కావాలె. యాడికెల్లి తెద్దాం?"

అప్పుడు మొదలుపెట్టాం. అదనపు చక్రం తీశాం. జాకీ, పనిముట్లు తీసి నా గదిలో పెట్టాం. సీట్ల కింది ఇనుప బద్దలు, వెనక బంపరు తీశాం. టైర్లకు గాలి రాయిలా అయ్యేదాకా కొట్టాం. ట్యాంకులో బండి వీధి చివరి దాకా పోయేంత పెట్రోలే ఉంచి, మిగతాది డబ్బాలో కాంటా దగ్గర పెట్టాం. నూలు, అర నూలు కూడబెడుతూ పోతే సందు తొమ్మిదిన్నరకు వచ్చింది. ఇద్దరూ కూర్చుంటే తొమ్మిది పోతుంది. మిగిలేది అర నూలు. వేలిగోరు మందం.

కారు నిజంగానే బాతులా ఉంది. నాలుగు చక్రాల మీద లేచి, ఎటు పోవాలో తెలియనట్టు నిలబడింది. అతను దాని చుట్టూ తిరిగి, "ఛీ, ఏం షకల్ రా నీది" అని దాన్నే తిట్టాడు.

శుక్రవారం ఆడపిల్ల గడప దాటకూడదు గనుక గురువారం పొద్దున పెట్టుకున్నారు. నేను ముందే పోయి గడపను మళ్ళీ కొలిచాను. తడి పసుపు పూసి ఉంది. మామూలుగా అది శుక్రవారం పూస్తారు. గురువారం పసుపేమిటా అనుకున్నాను కానీ, నా ధ్యాసంతా ఆ పసుపు మందం ఎంత అన్నదాని మీదే ఉంది. అది కూడా లెక్కలో కలుపుకున్నాను. ఆ పొద్దున నాకు అంతకంటే ఏమీ తోచలేదు.

షావుకారి వీధిలో, గడప పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. చూపు రాయి మీదే. నేను అటు పక్కన నిలబడ్డాను. లోపల వాకిట్లో ఆడవాళ్ళ గాజుల చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత ఇంజను మోగింది. ఒకటో గేరు.

"మెల్లగ" అన్నాను.

ముందు చక్రాలు గడప ఎక్కి, మెత్తగా వీధిలోకి దిగాయి. ఆమె కొంగు రెండు చేతులతో ఒడిలోకి దగ్గరగా పట్టుకుని, నేరుగా ముందుకు చూస్తోంది. పొట్ట రాయి మీదికి వచ్చింది. అర నూలు ఉండాలి.

కిర్రుమంది.

పెద్ద చప్పుడు కాదు. పలక మీద బలపం గీసినంత. వెనక చక్రాలు కూడా ఎక్కి దిగాయి. కారు మొత్తం వీధిలో ఉంది. షావుకారి వంగి గడప మీద వేలు పెట్టి రుద్దాడు. పసుపు మధ్యలో చిటికెనవేలి వెడల్పున నల్లటి గీత. ఆయన ముఖంలో కోపం చూస్తాననుకున్నాను. ఆ వేలిని అలాగే పట్టుకుని చూసుకుంటూ ఉండిపోయాడు.

"రాకింది" అన్నాడు. లేచి లోపలికి పోయాడు. దర్వాజ రెండు రెక్కలూ మూసుకున్నాయి.

పెట్రోలు డబ్బా కోసం కారు నా కాంటా దగ్గరికి రావలసిందే. పలక ఎక్కించాడు. "లెక్క తప్పిందా అన్నా?" అన్నాడు. గదిలోకి పోయి గుండు జరిపాను. ఉండవలసినదానికంటే పది కిలోలు ఎక్కువ చూపించింది. మళ్ళీ తూచాను. మళ్ళీ పదే.

బయటికి వచ్చి, "ఏం పెట్టుకున్నరు లోపట?" అని అడిగాను.

ఆమె కొంగు విప్పింది. ఒడి నిండా పసుపు బియ్యం. అయిదు మానికెలు. ఎండుకొబ్బరి కుడుకలు, కొత్త చీర, ఇత్తడి చెంబు.

"అమ్మ పోసింది" అంది. "నాయిన కడపనే చూడవట్టె. అమ్మను చూడలే."

పది కిలోలు. ముప్పావు నూలు కంటే ఎక్కువే. నా దగ్గర ఉన్నది అర నూలు. అల్లుడు నా ముఖం చూసి, ఆమె ఒడి చూసి, పలక మీదే కూలబడి నవ్వాడు. మొదటిసారి వెనక్కి, చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

"ఒడిబియ్యం పడ్డయంటె నడిసే రావచ్చు గద బిడ్డా" అన్నాను ఆమెతో.

"నడిసొస్తె, ఎవలు పోసిన్రని అడుగుతడు గద" అంది.

అతను లేచి నా గదిలోంచి నట్లు తిప్పే పానా తెచ్చుకున్నాడు. కారు కిందికి పోయి నాలుగు నట్లూ వరసగా దించాడు. ఆమె ఒడి పట్టుకుని పక్కన నిలబడింది. కారు కొద్దికొద్దిగా నేల వైపు వంగింది. చివరికి చెయ్యి పెట్టి చూశాడు. నాలుగు వేళ్ళు.

"మల్ల లోపటికి పోవుడు కష్టమైతది" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఔ అన్నా" అన్నాడు.

చక్రం, జాకీ వెనక కట్టి, పెట్రోలు పోసి వాళ్ళు బయలుదేరారు. ఘన్‌పూర్ రోడ్డు దాకా వీధి తిన్నగా ఉంటుంది. నేను పలక మీద నిలబడి విన్నాను. ఒకటి. రెండు. మధ్యలో ఒక నిమిషం ఎడ్లబండి అడ్డం వచ్చినట్టుంది, మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. ఆ తర్వాత చప్పుడు ఒక్కసారి కిందికి దిగి, సన్నగా, పొడుగ్గా సాగింది. మూడోది.

దర్వాజ వాళ్ళకు మళ్ళీ తెరుచుకోలేదు. నాకు మాత్రం మర్నాడే తెరుచుకుంది. షావుకారి పిలిపించాడు. వాకిలంతా ఖాళీగా, బావి నుంచి కొట్టు దాకా రెండు టైరు జాడలతో ఉంది.

"నీ లెక్క తప్పదంటరు గద కాంటోడా. ఎట్ల తప్పింది?"

ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ఆయన వెనక, గోడ వార, అత్తగారు చేటలో బియ్యం చెరుగుతోంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు, ఇద్దరూ పోయారు, అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు మాత్రం ఆమె అక్కడే ఉంది, ఆ గోడల మధ్య ఆయనతోనే ఉండవలసినామె.

"తప్పింది షావుకారీ" అన్నాను. "టైర్ల గాలి లెక్క పట్టలే."

"తప్పుడు కాంటా" అన్నాడు ఆయన. ఆ పేరు నాకు ఆ వీధిలో చాలా కాలం నిలిచింది.

అత్తగారు తల ఎత్తలేదు. ఆమె చేతిలో చేట మాత్రం ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ చెరగడం మొదలైంది.